ఈ వారం సమస్య: "చచ్చినట్టి రైతు చాలు దున్నె"

గట్టుమీది పంతులు (నిర్వాహకుడు)
ఏరువాక పున్నమి దగ్గరికొచ్చింది. ఈ వారం పాదం ఇదీ, పైన మూడు పాదాలు మీరు రాసి దీనితో ముగించాలి (చాలు అంటే ఇక్కడ నాగటి చాలు):

*చచ్చినట్టి రైతు చాలు దున్నె*

షరతు ఒక్కటే. మీ ఇంట్లోనో ఊళ్ళోనో సేద్యం చేసి, పిల్లల్ని పెంచి, ఇల్లు నడిపి వెళ్ళిపోయిన ఒక మనిషిని మనసులో పెట్టుకుని రాయండి. "రైతే రాజు" లాంటి గోడరాతలు వద్దు. కలలో కనిపించాడని తప్పించుకునేవాళ్ళకు సగం మార్కులే.

కందగర్వి
"చచ్చినట్టి" ఏమిటి పంతులు గారూ, ఏరువాక ముందు? "పోయినట్టి రైతు పొలము దున్నె" అంటే యతీ (పాదం మొదటి అక్షరానికి మధ్యలో జోడీ అక్షరం) కుదిరేది, మర్యాదా దక్కేది.

గట్టుమీది పంతులు
కుదిరేదే. కానీ "పోయిన" అనగానే దుబాయి పోయి తిరిగొచ్చాడని పదిమంది ఒకే పద్యం రాస్తారు. ఆ మధ్య "ఊరు విడిచినట్టి" ఇస్తే ఏమైందో మీకు గుర్తుండే ఉంటుంది. అందులో మీ పద్యమూ ఉంది.

దూరదేశి
డాలస్ నుంచి నమస్కారం. సగం మార్కులైనా పరవాలేదు.

నిదురలోన తండ్రి నిలిచెను నాగలి
మేడి పట్టి నవ్వి మేను మరచి
తెల్లవారుదాక తీయని కలలోన
చచ్చినట్టి రైతు చాలు దున్నె

కందగర్వి
మొదటి పాదంలో నిదుర, మూడో పాదంలో కల. ఒకటే మంచం మీద రెండుసార్లు పడుకున్నారు. పైగా నవ్వుతూ, ఒళ్ళు మరిచి దున్నే రైతును నేనింతవరకు చూడలేదు. ఒక చేయి మేడి (నాగలి పిడి) మీద, ఒక చేతిలో ముల్లుగర్ర, చూపు ముందున్న చాలు మీద ఉంటాయి. నవ్వడానికి తీరికెక్కడిది?

సాగర్ కాలువ
పాపం, దూరాన ఉన్నారు, కలలోనైనా కలుసుకోనివ్వండి. "తీయని" తీసేసి ఇంకేదైనా పెడితే పద్యం నిలబడుతుంది. తెల్లవారుదాక కలలో దున్నడం మాత్రం నాకు నచ్చింది. ఎండ రాకముందే నాలుగు చాళ్ళు పడాలని మా తాత కోడికూతకే కాడి కట్టేవాడు.

అడంగల్
ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఊరి లెక్కలు చూసినవాణ్ణి. నాకు తోచిన దారి ఇది.

పేరు కొట్టివేసి పెన్నుతో నొక్కరు
కాగితాన బతుకు కాటి కంపె
ఊరు నవ్వుచుండ నుదయాన లెక్కలో
చచ్చినట్టి రైతు చాలు దున్నె

సాగర్ కాలువ
అబ్బ! "లెక్కలో చచ్చినట్టి" దగ్గర పడిపోయాను. మా దిక్కు ఒక పెద్దాయన పింఛను ఇలాగే ఆగిపోయింది. బతికే ఉన్నానని రాసివ్వడానికి ఆయన ఆఫీసుకు పోతే, దరఖాస్తు మీద ఆయన సంతకం చాలదు, వారసులది కూడా కావాలన్నారట.

కందగర్వి
ఎత్తుగడ బాగుంది, ఒప్పుకుంటాను. "బతుకు" అనకుండా "బ్రతుకు" అంటే పద్యానికి నిండుదనం వచ్చేది.

అడంగల్
అంటే అప్పుడు "బ్ర" ముందున్న "తాన"లో నకారం గురువై గణం చెడిందని మీరే వచ్చేవారు. మీ సంగతి తెలిసే "బతుకు" రాశాను.

కందగర్వి
వేరు వేరు తెలుగు మాటల మధ్య అలా గురువు కాదు. నాకు ఛందస్సు చెబుతున్నారా?

గట్టుమీది పంతులు
అదే ఆయన కూడా అంటున్నది. ముందుకు పోదాం.

నల్లరేగడి
ఆదోని పక్కన మా ఊరు. నాన్నను తలుచుకుని రాశాను.

కాడి మెడను మోసి కష్టించి నిన్నటి
దాక తోడునున్న ధర్మమూర్తి
కొట్టమందె యొరిగె, కొడుకుతో తన యెద్దు
చచ్చినట్టి రైతు చాలు దున్నె

దూరదేశి
చచ్చింది రైతు కాదు, రైతు ఎద్దు! మూడో పాదం చివర్లో అంత తేలిగ్గా తిప్పేశారు. నేను రాత్రంతా నిద్రపోతూ గడిపినందుకు సిగ్గుగా ఉంది.

సాగర్ కాలువ
ధర్మదేవతను ఎద్దు రూపంలో చెప్పడం పురాణాల నాటిదే. కానీ నిజంగా కొట్టంలో ఒరిగిన ఎద్దును ధర్మమూర్తి అనడంతో ఇంట్లో మనిషి పోయినట్టే అనిపించింది. జతలో ఒకటి పోతే రెండోది మేత ముట్టదు, తెలుసు కదా.

కందగర్వి
మూడో పాదం మలుపు బాగుంది. ఈ మాట నల్లరేగడి గారి గురించి అనడం నాకు కష్టమే అయినా అంటున్నాను. ఇక అసలు సంగతి. "కొడుకుతో" అంటే కొడుకు పక్కన నడిచాడా, కాడి కింద మెడ పెట్టాడా? కాడి కిందే అయితే ఏ పక్క? చచ్చింది వలపటెద్దా (కుడిది), దాపటెద్దా (ఎడమది)? పద్యంలో ఆ జాడ లేదు. వలపట మరిగిన ఎద్దును దాపట కడితే అడుగు వేయదు. ఇది తెలియని రైతు ఉండడు, కవి ఉండొచ్చు.

నల్లరేగడి
నాలుగు పాదాల్లో జంతు వైద్యశాల రిజిస్టరు కూడా రాయమంటారా? అడిగారు కాబట్టి చెబుతున్నా. పోయింది దాపటిది. కొత్తది కొనే సత్తువ లేదు, అప్పటికే విత్తనాల అప్పు నెత్తి మీదుంది. ఆ ఏడు ఆరుద్రలో ఒక మంచి వాన పడింది. తడి ఆరేదాకా ఎద్దు కోసం చూస్తే అదును పోతుంది. నాన్న కాడి రెండో కొన తన భుజానికెత్తుకున్నాడు. మేడి నా చేతికిచ్చాడు. గుంటక తోలాం. మా అమ్మ వెనక గొంతులో ఏదో అనుకుంటూ నడిచింది, ఏమన్నదో ఈనాటికీ చెప్పలేదు. ఆయన చెప్పుకున్న కష్టం కాదిది. ఆ భుజం మీది కాయ చూసి నా కొడుకు అడిగితే "దోమ కుట్టింది" అన్నాడు.

సాగర్ కాలువ
...

దూరదేశి
దీని తర్వాత ఎవరైనా ఏం రాస్తారండీ.

కందగర్వి
మనిషికి దండం పెడతాను. పద్యానికి మాత్రం ఒక ప్రశ్న. గుంటక తోలితే చాలు పడదు. అది కలుపు కోసి, మన్ను పైపైన కదుపుతుంది. సమస్యలో ఉన్నది "చాలు దున్నె".

నల్లరేగడి
వచ్చాడయ్యా! మోట (ఎద్దులతో బావినీళ్ళు తోడడం) గురించి కందపద్యం రాసి ఎద్దుల్ని ఎగువకు నడిపించిన మహానుభావుడు నాకు గుంటక నేర్పుతున్నాడు.

కందగర్వి
ఆ ముచ్చట ఇక్కడెందుకు?

నల్లరేగడి
ఎందుకంటే చాలామంది చూడలేదు. రెండేళ్ళ కిందట "బావినీరు మింటికెగసె" సమస్యకు వీరి కందంలో ఎడ్లు నిండు తోలుసంచిని లాగుతూ గట్టెక్కుతాయి. మేం కపిల అంటాం, సాగర్ కాలువ గారి దిక్కు మోట అంటారు. ఎక్కడైనా ఎడ్లు బరువు లాగేటప్పుడు వాలులో కిందికే నడుస్తాయి. వాటి బరువు కూడా లాగుడుకు కలిసి రావడానికే కదా ఆ వాలు తవ్వేది! సంచి ఖాళీ అయ్యాక వెనక్కి వెనక్కి నడుచుకుంటూ పైకొస్తాయి. వీరి ఎడ్లు మాత్రం యతి కోసం కొండెక్కాయి.

సాగర్ కాలువ
అది నాకూ గుర్తుంది, అప్పుడు మొహమాటానికి ఊరుకున్నా. మా తాత మోట కొట్టినవాడు. తోలేవాడు కూడా మోకు మీద కూర్చుని కిందికి జారేవాడు, తన బరువు కూడా కలవాలని. 1967లో సాగర్ కాలువలకు నీళ్ళు వదిలాక జొన్నచేను మడులుగా మార్చడానికి ఆయనా నాయనమ్మా కలిసి ఏళ్ళ తరబడి గట్లు పోశారు. వరి అన్నం పండగపూట మాత్రమే తిన్న ఇల్లు అది. మొదటి పంట ఇంటికొచ్చిన రోజు మా తాత జొన్న రొట్టె కావాలని అలిగాడట, పంటి కింద ఏమీ ఆనడం లేదని.

అడంగల్
మా వైపు మాత్రం కపిలలు ఆగింది మోటార్ల వల్లే. 1983 తర్వాత హార్స్‌పవర్‌కు ఏడాదికి 50 రూపాయల స్లాబు వచ్చాక కరెంటు కనెక్షన్ల కోసం జనం ఎలా ఎగబడ్డారో చూశాను. బావి గట్ల మీది రాతి స్తంభాలు ఇప్పుడు బట్టలారేసుకోవడానికి పనికొస్తున్నాయి.

గట్టుమీది పంతులు
మోటలు దింపి సమస్యకు రండి. కందగర్వి గారూ, విమర్శ సరే, మీ పూరణ ఏదీ?

కందగర్వి
ఇదిగో. మా మామగారి గురించి.

పిల్లవాని చదువు పెళ్ళికూతురి నగ
తల్లి మందు లనుచు తనకు లేక
చొక్క మాట మరచి, చుట్టపై కోరిక
చచ్చినట్టి రైతు చాలు దున్నె

దూరదేశి
చుట్ట మీద కోరిక చచ్చిందా! ఇంత గంభీరమైన మనిషి నుంచి ఇది ఊహించలేదు. మొదటి రెండు పాదాల్లో ఒక సంసారి జమాఖర్చు పుస్తకం మొత్తం ఉంది.

నల్లరేగడి
"చొక్క" కాదు స్వామీ, "చొక్కా". గణం కోసం మామగారి చొక్కా చేతులు కత్తిరించారు. పైగా చుట్ట మానిన రైతును చూపించండి, మా ఊరి నుంచి బస్సు కట్టుకుని వచ్చి చూస్తాం.

కందగర్వి
వ్యవహారంలో హ్రస్వం ఉంది. చుట్ట ఆయన నిజంగానే మానేశారు, కూతురి పెళ్ళి కుదిరిన రోజున. ఆ కూతురే మా ఇంటావిడ. మా పెళ్ళయ్యాక మళ్ళీ మొదలుపెట్టారు, అది వేరే సంగతి.

కొత్త నాగలి
అందరికీ నమస్కారం. ఇక్కడ ఇదే మొదటిసారి. తప్పులుంటే దిద్దండి.

చిన్ననాట తాత చెప్పిన పాఠమ్ము
మరువ లేక వచ్చె మనుమ డొకడు
పట్నమందు కొలువు పారేసి, పల్లెలో
చచ్చినట్టి రైతు చేను దున్నె

కందగర్వి
"చ"కు "చే"తో యతి చెల్లదు. ఇచ్చిన పాదాన్ని మార్చడం ఇంకా పెద్ద తప్పు. అయినా సమస్యాపాదంలోనే యతి తప్పడం చూడటం నా జన్మలో ఇదే మొదలు.

సాగర్ కాలువ
ఒక్క నిమిషం ఆగండి. ఈ అబ్బాయి ఏం చేశాడో చూశారా? రైతు దున్నలేదు! మనవడు దున్నాడు. "రైతు చేను" అంటే రైతు యొక్క చేను. మనమందరం రైతును కర్తగా పట్టుకుని వేలాడుతూ ఎద్దుల్నీ కాగితాల్నీ చంపుతుంటే, ఇతను షష్ఠీ విభక్తితో సాఫీగా బయటపడ్డాడు.

గట్టుమీది పంతులు
తమ్ముడూ, "చాలు" అని ఉంచేసినా నీ అర్థం చెడదు. చచ్చినట్టి రైతు చాలు, మనవడు దున్నె. యతీ దక్కుతుంది. ఆ ఒక్క మాట దిద్దుకో. ఈ దారి నాకూ తట్టలేదు.

కొత్త నాగలి
ధన్యవాదాలండీ. చాలు ఒక్కరిది ఎలా అవుతుందని సందేహించి చేను అన్నాను. మా తాత చేను ఇప్పుడు కౌలుకిచ్చాం, నేను నిజంగా దున్నలేదు. పద్యంలోనే.

నల్లరేగడి
పద్యంలోనైనా దున్నావు. పైన ఒకాయన పద్యంలో చుట్ట మానిపించాడు.

కందగర్వి
షష్ఠి సంగతి నాకు ముందే తట్టింది, రాయడానికి తీరిక లేకపోయింది. ఇదిగో, యతి తప్పకుండా:

ట్రాక్టరొకటి వచ్చి డబ్బులే యడిగిన
లేవటంచు కొడుకు లేచి వచ్చి
పక్కవాని యెద్దు బదులుగా కొని, యూర
చచ్చినట్టి రైతు చాలు దున్నె

అడంగల్
ముందే తట్టిందట! కుర్రాడి విత్తనం తెచ్చి తన జడ్డిగంలో పోశాడు. "యూర" ఏం చేస్తోందక్కడ, పాదం నింపడం తప్ప? రైతు ఊళ్ళో కాక సముద్రంలో చస్తాడా?

సాగర్ కాలువ
"ట్రా"కు "డ"తో యతి కలిపినందుకు మాత్రం మెచ్చుకోవాలి. డీజిలు ధర ఎప్పుడు పెరిగినా మా ఊళ్ళో ముందు కనబడేది దుక్కి కూలిలోనే. ఆ లెక్క పద్యంలోకి వచ్చింది.

నల్లరేగడి
అన్నీ సరే. పక్కవాని యెద్దు వలపటిదా, దాపటిదా?

కందగర్వి
వలపటిదే.

నల్లరేగడి
ఇంట్లో మిగిలినది?

కందగర్వి
పంతులు గారూ, ఇది వ్యక్తిగత దూషణ కిందికి వస్తుందా రాదా చెప్పండి.