తొట్లకొండ మహాస్తూపం: కూలిన ఇటుకని మళ్లీ పేర్చాలా, అలాగే వదిలేయాలా?

మంగమారిపేట:
2019 అక్టోబరు వానలకి విశాఖపట్నం దగ్గరి బౌద్ధ క్షేత్రం తొట్లకొండలో మహాస్తూపం ఒక పక్క జారిపోయింది. తర్వాత మళ్లీ కట్టారు. ఇవాళ కొండెక్కినవాళ్లకి ముందు కంటపడేది ఆ కొత్త కట్టుబడే. దాన్ని అలా లేపడం తప్పని నా వాదన. 1988 నుంచి 1992 దాకా జరిగిన తవ్వకాల్లో స్తూపం పైభాగం ఎక్కడా నిలబడి దొరకలేదు. గుమ్మటం ఎంత ఎత్తు, ఏ వంపులో తిరిగింది, పైన హర్మిక (గుమ్మటం నెత్తిన కట్టే చదరపు కంచె) ఎంత ఉండేది అన్నవి మనం ఊహించుకోవాల్సిందే. ఊహ మొదలైన చోట పునరుద్ధరణ ఆగిపోవాలని పాత కట్టడాల సంరక్షణ మీద వచ్చిన 1964 వెనిస్ ఒప్పందం తొమ్మిదో అధికరణంలోనే రాసుంది. రెండు వేల ఏళ్ల నాటిది చూశామనుకుని దిగిపోయే పిల్లలకి మనం చూపించింది నిన్నమొన్నటి ఇటుక. దానికన్నా భిక్షువులు ఉండిన విహారాల పునాదులు, రాతిలో తొలిచిన నీటి తొట్లు వెయ్యి రెట్లు నిజం చెప్తాయి.

శంకరం:
మంగమారిపేట గారూ, అధికరణం సరే. మరి సాంచీని ఏం చేద్దాం? 1822లో జాన్సన్ అనే అధికారి పెద్ద స్తూపాన్ని పక్కనుంచి చీల్చి తవ్వించాడు. ఆ గండిని 1880ల్లో కోల్ పూడ్చాడు, 1912 నుంచి 1919 దాకా పురావస్తు శాఖ అధిపతి మార్షల్ మిగతా పని చేయించాడు. అది చేయకపోయుంటే అక్కడ ఇవాళ రాళ్లగుట్టే. అటువైపు అమరావతి చూడండి. దీపాలదిన్నె అని పిలిచే స్తూపం దిబ్బని ఇటుక కోసం, రాయి కోసం తవ్వుకుపోయారు. శిల్పాలు మద్రాసుకీ లండన్‌కీ చేరాయి. ఊళ్లో మిగిలింది వలయాకారపు అడుగు.

ఇంకో మాట. మన పక్కనే అనకాపల్లి దగ్గర బొజ్జన్నకొండ మీద కనుమ రోజున జనం రాళ్లు విసిరేవారు. అక్కడున్నది రాక్షసుడి బొజ్జ అని నమ్మకం. అదేమిటో తెలియకపోవడం వల్ల వచ్చిన చేటు అది. ఆకారం కనబడితే మనిషి ఆగి అడుగుతాడు. కనబడకపోతే ఎక్కి కూర్చుంటాడు, లేదా రాయి తీసుకుంటాడు. తొట్లకొండ విశాఖపట్నానికి 16 కిలోమీటర్ల దూరం, బీచ్‌కి వచ్చే బండ్లన్నీ పైకి వస్తాయి. అక్కడ మోకాలెత్తు ఇటుక వలయం ఒక్కటే ఉంచితే అది ఫోటోలకి అరుగవుతుంది.

మంగమారిపేట:
సాంచీలో గుమ్మటం చాలావరకు నిలిచే ఉంది కదండీ, చెయ్యి వేసింది గండి పడ్డ చోట. ఇక్కడ పైభాగమే లేదు. ఆ మార్షల్ గారే 1923 నాటి తన నియమావళిలో, పోయినదాన్ని తిరిగి కల్పించడం కంటే ఉన్నదాన్ని నిలబెట్టడమే మన పని అని చెప్పారు. జనం ఎక్కి కూర్చుంటారనుకుంటే కాపలా పెట్టండి, చుట్టూ తాడు కట్టండి. దానికి స్తూపం కట్టక్కర్లేదు.

సున్నపుగార:
కట్టాలా వద్దా అన్నదాని మీదే అందరూ పట్టుబట్టారు. వాన నీళ్లు ఎటు పోతాయో ఎవరూ అడగలేదు. నా మటుకు అసలు ప్రశ్న అదే.

స్తూపాన్ని గోడలా చూడకూడదు. బయట ఇటుక చర్మం, లోపల మట్టీ రాళ్లూ కలిపిన పూరకం. పైన ఒక్క నెర్ర చాలు, నీరు లోపలికి దిగుతుంది. ఘనమీటరు మట్టిలో మూడో వంతు ఖాళీలుంటే 300 లీటర్లకి పైగా నీరు పడుతుంది, అంటే ఘనమీటరుకి 300 కిలోల అదనపు బరువు. పైగా నానిన మట్టికి పట్టు పోయి, బరువంతా పక్కలకి తోస్తుంది. కింది వరసల్లో ముందు పొట్ట వస్తుంది, తర్వాత నిలువు నెర్ర. ఆఖర్న ఒక పక్క ముక్కగా జారుతుంది. వాన వెలిసి మూడు రోజులైనా తడి మరక ఆరకపోయినా, ఇటుక మీద తెల్లటి ఉప్పు పూత కనిపించినా నీరు లోపల నిలిచిందని గుర్తు. పొట్ట వచ్చాక పైన గార పూయడం దండగ.

కట్టే పద్ధతి కూడా చెప్తాను, ఎందుకంటే తప్పులన్నీ ఇక్కడే జరుగుతాయి.

సిమెంటు వద్దు. పాత ఇటుక మెత్తన, సిమెంటు గట్టి. నీరు అతుకులోంచి బయటికి రాలేక ఇటుక ముఖంలోంచి వస్తుంది. అక్కడ ఉప్పు పలుకు కట్టి, ముఖం పొరలు పొరలుగా ఊడిపోతుంది. అతుకులు నిక్షేపంగా ఉంటాయి, మధ్యలో ఇటుక గుంటలు పడుతుంది. సముద్రానికి ఎదురుగా ఉన్న కొండ మీద ఇది మరీ తొందరగా జరుగుతుంది.

గానుగ సున్నమే (గానుగలో నూరిన సున్నం) వాడాలి. కాల్చిన సున్నపురాయిని నీళ్లలో చల్లార్చి, కనీసం రెండు వారాలు తడిలోనే ఉంచి, జల్లించి తీయాలి. చల్లారని పలుకు ఒక్కటి మిగిలినా గోడలోకి వెళ్లాక ఉబ్బి పైపూతని తోసేస్తుంది. సున్నం ఒక పాలు, కాల్చిన ఇటుక పొడి ఒక పాలు, నది ఇసుక రెండు పాళ్లు. కొండ కిందున్న మంగమారిపేట సముద్రపు ఒడ్డున ఇసుక దండిగా ఉంది కదా అని అది ఎత్తుకొస్తే ఉప్పుని మన చేత్తో మనమే గోడలో పెట్టినట్టు.

లోపలి పూరకం ఆరు అంగుళాల వరసలుగా వేసి, ఒక్కో వరసనీ దిమ్మిసతో గట్టిపరచాలి. అడుగున కంకర మంచం, దాన్నుంచి బయటికి మీటరుకొకటి చొప్పున నీరు కారే కన్నాలు. కన్నం వెనక గులకరాళ్లు పెట్టకపోతే మొదటి వానకే మట్టి కొట్టుకొచ్చి మూసేస్తుంది. పైన మూడంగుళాల మందాన సున్నం, ఇటుక ముక్కల కాంక్రీటు కొట్టి, వాలు నలభై అడుగులకి ఒక అడుగుకి తగ్గకుండా చూడాలి. స్తూపం చుట్టూ కాలువ లేకుండా ఇవన్నీ చేసినా అడుగు నానుతూనే ఉంటుంది.

పని ఎప్పుడన్నది కూడా ముఖ్యమే. సున్నం గాలి పీల్చుకుని మెల్లగా గట్టిపడుతుంది. మనకి అక్టోబరు, నవంబరు తుపానులు. 2014లో హుద్‌హుద్ వచ్చింది కూడా అక్టోబరు 12నే. సెప్టెంబరులో మొదలెట్టిన గార కొట్టుకుపోతుంది. డిసెంబరు చివర మొదలుపెట్టి మార్చికల్లా ముగించి, తడి గోనెలు కప్పి ఉంచాలి. మే ఎండలో చేస్తే పైన ఆరి లోపల పచ్చిగా ఉంటుంది.

ఇవి చేసేటట్టయితే కట్టండి. చేయలేకపోతే మంగమారిపేట గారు చెప్పినట్టు ఉన్నదాన్ని కాపాడ్డమే నయం.

శంకరం:
మాస్టారూ, ఇటుక కొలత గురించి కూడా ఒక మాట. నాగార్జునకొండ మహాచైత్యం (అక్కడి పెద్ద స్తూపం) ఇటుక 20×10×3 అంగుళాలు, ఒక్కోటి పదహారు, పదిహేడు కిలోలు తూగుతుంది. ఇవాళ బట్టీల్లో దొరికేది 9×4×3. చిన్న ఇటుక వాడితే అతుకులు రెట్టింపవుతాయి, నీటికి అన్ని దారులు. కొలత ఇచ్చి కాల్పించాలి. అంత పెద్ద ఇటుక లోపల పచ్చిగా మిగలకుండా కాలడం బట్టీవాళ్లకి కష్టమే. ప్రతి మోపులోంచీ రెండు మూడు పగలగొట్టి మధ్యలో నల్లటి గుండె ఉందేమో చూసుకోవాలి.

మంగమారిపేట:
సున్నపుగార గారి మాటలో న్యాయం ఉంది. అయితే నాదొక షరతు. కొత్త ఇటుక ప్రతిదాని మీదా కట్టిన సంవత్సరం అచ్చు వేయాలి. కొత్త ముఖాన్ని పాతదానికంటే ఒక అంగుళం లోపలికి పెట్టాలి. అప్పుడు ఎవరైనా ఇది కొత్తదని కళ్లతోనే గుర్తుపడతారు.

సున్నపుగార:
అచ్చుకి ఒప్పుకుంటాను. అంగుళం లోపలికి మాత్రం ఒప్పుకోను. పాత ఇటుక పైన అంగుళం అంచు మిగిలితే వాన నీరు అక్కడే నిలుస్తుంది. నీటి వెంట దుమ్ము, దుమ్ములో రావి విత్తు. వేరు ఇటుకల్లోకి దిగాక లాగితే వరసే ఊడొస్తుంది, పైన కోసి వదిలేస్తే మళ్లీ చిగురుస్తుంది. మీకు తేడా కనబడడమే కావాలంటే రెండింటి మధ్యా ఒక వరస పలచని పెంకు పెట్టి, దాని మీద వాలుగా గార కట్టండి. దూరం నుంచి గీతలా కనిపిస్తుంది, నీరు నిలవదు.

మంగమారిపేట:
పెంకు గీత సరే. ఎత్తు మాత్రం పెంచొద్దు. తవ్వకాల నాటి కొలతల్లో ఉన్నంతే.

భీమిలి గైడ్:
మీరు తేల్చుకునేలోపు రేపు వచ్చేవాళ్లు ఎలా చూడాలో కూడా రాస్తే బాగుంటుంది. పైదాకా బండి వెళ్తుంది కాబట్టి అందరూ దిగగానే స్తూపం దగ్గరికే పోతారు. వరస మార్చండి. ముందు నీటి తొట్లు చూడాలి. కొండ మీద అంతమంది భిక్షువులు బతికింది వాన నీటి మీదే కాబట్టి మిగతా కట్టడాలన్నీ వాటి తర్వాతే అర్థమవుతాయి. తర్వాత విహారాల గదులు, వంటశాల, భోజనశాల, రాతి స్తంభాల సభామండపం, చైత్యగృహాలు (పూజ చేసే మందిరాలు). స్తూపం ఆఖర్న. అప్పటికి పాత కట్టు ఎలా ఉంటుందో కంటికి అలవాటై, కొత్త ఇటుకని మనమే పట్టేస్తాం: అంచు పదునుగా, రంగు ఒకేలా ఉంటే కొత్తది. మూలలు అరిగి, ఒకదానికొకటి రంగు తేడా ఉంటే పాతది. నీడ తక్కువ, ఎనిమిదిలోపే వెళ్లాలి. మనిషికి లీటరు నీళ్లు ఉండాలి. గోడల మీద నడవొద్దు, చిన్న పిల్లల్ని నిలబెట్టి ఫోటో తీయొద్దు. పై వరస కదిలితే నీటికి దారి దొరికినట్టే.

పోల్చి చూడాలనుకునేవాళ్లు మర్నాడు బొజ్జన్నకొండకి వెళ్లండి. అక్కడ పెద్ద స్తూపం అడుగు కొండరాయిలోనే చెక్కి, పైన ఇటుక కట్టారు. పక్కనే లింగాలకొండ మీద రాతిని తొలిచిన చిన్న స్తూపాలు వరసలుగా ఉంటాయి. అడుగున రాయి ఉన్న స్తూపమూ, మట్టి పూరకం ఉన్న స్తూపమూ వానకి ఎలా వేరుగా నిలుస్తాయో పక్కపక్కన పెట్టి చూసినట్టుంటుంది.

శంకరం:
దానికి తోడు తవ్వకాలప్పటి ఫోటో ఒకటి, కొలతల నక్షా ఒకటి స్తూపం ముందే తెలుగులో పెద్ద బోర్డు మీద పెట్టాలి. ఏ వరస దాకా దొరికిందో దాని మీద ఎర్ర గీత గీయాలి. ఎత్తు విషయంలో మంగమారిపేట గారితో నాకు ఇంకా పేచీ ఉంది. ఈ బోర్డుకి మాత్రం ఇద్దరం కలిసి అర్జీ పెట్టొచ్చు.

మంగమారిపేట:
పెడదాం. నక్షా మీద నీరు కారే కన్నాలు, కాలువ కూడా చూపించమని రాయండి. అవి కట్టారో లేదో అప్పుడు ఎవరైనా లెక్కపెట్టుకోవచ్చు.