చర్చ: జాన్ మార్షల్ కెమెరా పక్కన పెట్టి బోర్లు వేయించడం తప్పా?

అడవిబాట:

పోయిన వారం ఇక్కడ గిరిజన జీవితాల మీద వచ్చిన డాక్యుమెంటరీల గురించి మాట్లాడుకుంటుంటే ఒక సభ్యుడు తేల్చి చెప్పారు: తీసేవాడి పని తీయడం వరకే, తలదూర్చిన రోజు అతను దర్శకుడు కాదు, కార్యకర్త. ఆ మాటకు అడ్డం నిలిచే మనిషి ఒకడున్నాడు. జాన్ మార్షల్. 1932లో పుట్టి 2005లో పోయిన అమెరికన్. ఒకే జనాన్ని యాభై ఏళ్ల పొడుగునా తీశాడు. నడుమ కెమెరా దించి వాళ్ల కోసం బోర్లు వేయించాడు, పశువులు సమకూర్చాడు, భూమి కోసం అధికారులతో పోట్లాడాడు. అతని సినిమాలకు బలం వచ్చింది అక్కడేనని నా నమ్మకం. కాదనేవాళ్లు కాదనండి, ముందు కథ చెబుతాను.

తండ్రి లారెన్స్ మార్షల్ రేథియాన్ అనే ఎలక్ట్రానిక్స్ కంపెనీ పెట్టినవాళ్లలో ఒకరు. 1950లో ఆ బాధ్యతల నుంచి తప్పుకుని కుర్రాడైన జాన్‌ను వెంటబెట్టుకుని కలహారి ఎడారికి వెళ్లాడు. మరుసటి ఏడు ఇంటిల్లిపాదీ వెళ్లారు. ఇప్పటి నమీబియాకు ఈశాన్యాన, బోట్స్వానా సరిహద్దును ఆనుకుని ఉండే న్యేన్యే ప్రాంతం అది. అప్పట్లో నైరుతి ఆఫ్రికా పేరుతో దక్షిణాఫ్రికా ఏలుబడిలో ఉండేది. అక్కడ సాన్ జనంలో ఒక శాఖ అయిన జుత్వాసీలు వేటాడుతూ, దుంపలూ గింజలూ ఏరుకుంటూ బతికేవారు. తల్లి లోర్నా, మానవశాస్త్రంలో డిగ్రీ లేకపోయినా, వాళ్ల బంధుత్వాల గురించి ఇప్పటికీ పండితులు తిరగేసే వ్యాసాలు రాసింది. అక్క ఎలిజబెత్ పుస్తకం రాసింది. కెమెరా జాన్ చేతికి వచ్చింది. అతనికి ఆ భాష కూడా వచ్చేసింది.

1957లో వచ్చిన 'ద హంటర్స్' అతనికి పేరు తెచ్చింది. నలుగురు వేటగాళ్లు రోజుల తరబడి ఒక జిరాఫీ వెంటపడే కథ. మరుసటి ఏడాది అక్కడి పాలకులు అతనికి వీసా నిరాకరించారు. మళ్లీ ఆ నేల మీద కాలు పెట్టింది 1978లో. ఇరవై ఏళ్లు!

తిరిగొచ్చి చూస్తే, తాను తీసిన జనం సుమ్‌క్వె అనే సర్కారు కాలనీలో మొక్కజొన్న పిండి రేషన్ కోసం నిలబడి ఉన్నారు. 1970లో సాన్ జనానికంటూ 'బుష్‌మన్‌లాండ్' అని గీత గీసి, న్యేన్యే భూమిలో ఎక్కువ భాగాన్ని వాళ్లకు కాకుండా చేశారు. క్షయ, తాగుడు, కొట్లాటలు. సుమ్‌క్వెను వాళ్లే చావు చోటు అనేవారట. దానికి తోడు, నమీబియా స్వతంత్రం కోసం పోరాడుతున్న స్వాపో గెరిల్లాల మీద యుద్ధానికి దక్షిణాఫ్రికా సైన్యం వాళ్లలోంచి మనుషులను చేర్చుకోవడం మొదలుపెట్టింది. తాను చిన్నపిల్లగా తీసిన నాయ్ అనే అమ్మాయి ఇప్పుడు నడివయసు తల్లి. ఆమె నోటితోనే చెప్పించిన సినిమా 1980లో వచ్చింది. పాత రీళ్లలో పిల్ల పరుగెత్తుతుంటుంది. కొత్త రీళ్లలో అదే మనిషి డబ్బుల దగ్గర అయినవాళ్లతో తగువు పడుతుంటుంది.

ఇది తీశాక ఇంటికెళ్లి ఎడిటింగ్ గదిలో కూర్చోవడం ఎవరికైనా ఎలా సాధ్యం? అతనికి కాలేదు. క్లెయిర్ రిచీతో కలిసి ఒక ఫౌండేషన్ పెట్టి, సుమ్‌క్వె వదిలి సొంత నీటి తావులకు వెళ్తామన్నవాళ్లకు సాయం పట్టాడు. అందరూ చెప్పండి: ఇది తప్పా?

రీలుపెట్టె:

మనిషిగా తప్పు కాదు. సినిమాకు మాత్రం దెబ్బే. నేను ఎడిటింగ్ చేసి బతికేవాణ్ని, ఆ కంటితోనే చెబుతాను.

మార్షల్ అసలు గొప్పతనం జిరాఫీ సినిమాలో లేదు. వేర్వేరు వేటల ముక్కలు కలిపి ఒకే వేటగా కుట్టిన కథ అది. 1950ల్లో తీసి, తర్వాత విడుదల చేసిన చిన్న చిత్రాల్లో ఉంది అతని పనితనం. 'యాన్ ఆర్గ్యుమెంట్ ఎబౌట్ ఎ మ్యారేజ్' చూడండి. మొదట కదలని బొమ్మల మీద, ఎవరు ఎవరికి ఏమవుతారో, తగువు ఎందుకొచ్చిందో చెబుతాడు. తర్వాత వ్యాఖ్యానం ఆపేసి, అదే తగువును మన ముందు జరగనిస్తాడు. ఒక సంఘటనను తల నుంచి తోక దాకా పట్టుకోవడం, నడుమ దూరకపోవడం. ఈ పద్ధతిని అంత శ్రద్ధగా పాటించినవాళ్లు అప్పటికి చాలా తక్కువ. 1968లో మరో డాక్యుమెంటరీ దర్శకుడు టిమోతీ ఆష్‌తో కలిసి పెట్టిన సంస్థ ద్వారా ఇవన్నీ కాలేజీల తరగతి గదుల్లోకి వెళ్లాయి.

వీసా లేని ఆ ఇరవై ఏళ్లను మీరు దాటేశారు. ఆ కాలంలోనే దర్శకుడు ఫ్రెడరిక్ వైజ్‌మన్‌తో కలిసి మసాచుసెట్స్‌లో మానసిక రోగులైన ఖైదీలను ఉంచే చోట 'టిటికట్ ఫాలీస్' తీశాడు. కెమెరా పట్టింది మార్షలే. వ్యాఖ్యానం లేదు, సలహా లేదు. 1967 నాటి ఆ సినిమాను మామూలు జనం చూడకుండా రాష్ట్రం 1991 వరకు ఆంక్ష పెట్టింది. చూడటం ఒక్కటే చేసిన సినిమాకు ఒక రాష్ట్రం అంతగా భయపడింది. ఆ తర్వాత పిట్స్‌బర్గ్ పోలీసుల వెంట తిరిగి తీసినవీ అంతే.

ఇక 2002 నాటి 'ఎ కలహారి ఫ్యామిలీ' చూడండి. అయిదు భాగాలు, ఆరు గంటలు. చివరి భాగంలో ఆయన ఒక పక్షం, తనను కాదన్నవాళ్లంతా మరో పక్షం. తగువును జరగనిచ్చిన దర్శకుడే తగువులో వాది అయిపోయాడు. నాకు అక్కడ కడుపు తరుక్కుపోతుంది, ఎందుకంటే అంత నిబ్బరంగా చూడగలిగిన కన్ను మరొకటి దొరకదు.

సోషియాలజీ టీచర్:

రీలుపెట్టె గారూ, తలదూర్చకుండా తీయడం ఎవరికీ హాని చేయదన్న నమ్మకం మీ మాటల వెనక ఉంది. నాకు గొడవంతా దాంతోనే.

'ద హంటర్స్' చూసిన విద్యార్థి ఏం నేర్చుకుంటాడు? వీళ్లు వేటగాళ్లు, కాలం ముట్టని మనుషులు, మాంసం మీద బతుకుతారు అని. నిజానికి వాళ్ల తిండిలో ఎక్కువ భాగం ఆడవాళ్లు ఏరి తెచ్చే మొంగోంగో గింజలు, దుంపలు, కాయలు. మార్షల్ కూడా తర్వాత దాన్ని ఓ అమెరికన్ కుర్రాడి రొమాంటిక్ చిత్రం అనే అన్నాడు. కానీ అప్పటికే ఆ బొమ్మ లోకం చుట్టి వచ్చింది.

దాని ఫలితం చూడండి. 1980ల్లో దక్షిణాఫ్రికా పాలనా యంత్రాంగం న్యేన్యేను వన్యప్రాణుల రక్షిత ప్రాంతంగా మార్చాలనుకుంది. జనం అక్కడ ఉండొచ్చు, కానీ వ్యవసాయం వద్దు, పశువులు వద్దు, పాత పద్ధతిలో వేటాడుతూ వచ్చినవాళ్లకు కనువిందు చేయాలి. అంటే సినిమాలో ఉన్నట్టే ఉండాలి! విల్లంబుల మనిషి తప్ప రైతు కనిపించకుండా చేసింది ఎవరు? అలాంటి సినిమాలూ ఫొటోలే. నాయ్ సినిమాలోనే ఇంకో సంగతి ఉంది. 'ద గాడ్స్ మస్ట్ బి క్రేజీ' అనే కామెడీ సినిమా యూనిట్ అక్కడ షూటింగ్ చేస్తుంటే మార్షల్ కెమెరా దాన్ని తీసింది. పక్కన రేషన్ క్యూ, ఇటు లోకమంతా నవ్వుకునే అమాయకపు అడవి మనిషి వేషం.

ఒక జనం గురించి లోకానికి ఒక బొమ్మ ఇచ్చినవాడు, ఆ బొమ్మ వాళ్ల భూమినే మింగబోతుంటే ఊరుకోవాలా? అతను చేసింది దానధర్మం కాదు, బాకీ తీర్చడం.

కొత్తసభ్యుడు_04:

చిన్న ప్రశ్న అండి. పశువులు కావాలని వాళ్లు అడిగారా, ఈయనే నిర్ణయించాడా? గిరిజనులకు ఏది మంచిదో బయటివాళ్లు తేల్చడం మన దగ్గరా చూస్తూనే ఉన్నాం కదా.

అడవిబాట:

మంచి ప్రశ్న. 1950ల నుంచి మార్షల్ కుటుంబానికి ఆత్మీయుడైన తోమా అనే పెద్దమనిషి ఉండేవాడు. 1980ల మొదట్లో ఆయన మనుషులు సుమ్‌క్వె వదిలి, తమ పాత తావు గావుచాకు తిరిగి వెళ్లారు. సుమ్‌క్వెలో ఉంటే చస్తామని వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. భూమి మొత్తం ఉన్నప్పుడు వేటా, ఏరుకోవడమూ సరిపోయేవి. మిగిలిన ముక్కలో సరిపోవు. అందుకని ఏరుకోవడంతో పాటు నాలుగు పశువులు, కొంచెం తోట, ఒక బోరు. 1986లో రైతుల సహకార సంఘం పెట్టుకున్నారు. 1990లో నమీబియాకు స్వతంత్రం వచ్చిన కొద్ది కాలానికి అలాంటి చిన్న ఊళ్లు ముప్పైకి పైగా అయ్యాయి. 1991లో రాజధాని విండ్‌హోక్‌లో జరిగిన జాతీయ భూమి సమావేశానికి వాళ్ల ప్రతినిధులే వెళ్లి తమ నేల గురించి తామే మాట్లాడారు. బయటివాడు నెత్తిన రుద్దితే ఇది జరిగేది కాదు.

ఉట్నూరు కుర్రాడు:

మీరంతా కలహారి గురించి మాట్లాడుతుంటే నాకు మార్లవాయి గుర్తొస్తోంది. హైమెండార్ఫ్ పేరు మా ఆదిలాబాద్‌లో తెలియనివాళ్లు తక్కువ. 1940లో నల్లమల చెంచుల దగ్గరికి వచ్చిన ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త. ఆయనా కెమెరా పట్టినవాడే. అదే 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం చనిపోయాడు. నిజాం సర్కారు ఆ తర్వాత గోండుల దగ్గరికి ఈయన్నే పంపింది. ఈయన కేవలం రాసుకుని వెళ్లిపోలేదు. మార్లవాయిలో గోండు పిల్లల చదువుకు, గోండు టీచర్లకు శిక్షణకు ఏర్పాటు చేయించాడు. నిజాం ప్రభుత్వానికి సలహాదారుగా ఉండి వేల కుటుంబాలకు పట్టాలు ఇప్పించాడు. దశాబ్దాల తర్వాత మళ్లీ వచ్చి, ఆ భూములు ఎలా చేజారాయో చూసి, బాధతో పుస్తకమూ రాశాడు. భార్య బెట్టీ 1987లో పోతే మార్లవాయిలోనే సమాధి చేశారు, 1995లో ఆయన పోయాక ఆయన చితాభస్మం కూడా ఆ పక్కకే చేరింది. ఇప్పటికీ జనవరిలో అక్కడ వర్ధంతి జరుపుతారు.

ఆయన తీసిన ఫిల్ములు మా ఊళ్లల్లో ఎంతమంది చూశారు? చాలా తక్కువ. పట్టాల సంగతి మాత్రం మా తాతల నోట విన్నాం. నా మటుకు జవాబు అందులోనే ఉంది.

రీలుపెట్టె:

తమ్ముడూ, నువ్వు చెప్పింది మనసుకు తాకింది. కానీ తేడా చూడు. హైమెండార్ఫ్ సర్కారు ఉద్యోగిగా పట్టాల పని చేశాడు, ఫిల్ముల్లో తన పోరాటాన్ని కథగా పెట్టలేదు. మార్షల్ చివరి సినిమాలో రెండూ కలిసిపోయాయి. నా అభ్యంతరం బోర్ల మీద కాదు, ఆ బోర్ల వాదన సినిమాను నడపడం మీద.

ఇంకొకటి. 1998లో న్యేన్యే కన్జర్వెన్సీ ఏర్పడింది, సుమారు 9,000 చదరపు కిలోమీటర్లు. వన్యప్రాణుల మీద హక్కు జనానికి ఇచ్చి, వేటకూ పర్యాటకానికీ వచ్చేవాళ్ల నుంచి ఆదాయం పంచే పద్ధతి. మార్షల్ దీన్ని గట్టిగా వ్యతిరేకించాడు. 'డెత్ బై మిత్' అనే ఆఖరి భాగం మొత్తం అదే: బయటివాళ్లు వీళ్లను పుట్టు వేటగాళ్లనుకుంటారు, ఆ అపోహే వీళ్లను చంపుతోంది అని. అపోహ నిజమే. కానీ సింహాలు ఆవులను ఎత్తుకుపోవడం, ఏనుగులు నీళ్ల కోసం బోర్ల దగ్గర పంపులు విరగ్గొట్టడం కూడా నిజమే. ఫౌండేషన్‌లో ఏళ్ల తరబడి పనిచేసిన మానవశాస్త్రవేత్తలే ఆయనతో విభేదించారు. వ్యవసాయం ఒక్కటే దారా అని అడిగినవాడల్లా అపోహలో ఉన్నాడంటే ఇక వాదన ఎక్కడ సాగుతుంది? నాయ్ సినిమాలో ఆమె మాటకు చోటిచ్చిన మనిషి, ఇక్కడ ఎదుటివాడి మాటకు అంత చోటివ్వలేదు.

అడవిబాట:

కన్జర్వెన్సీ డబ్బు, వేట మాంసం ఇళ్లకు చేరుతున్నాయి, దాన్ని కొట్టేయను. అయితే ఒక్కటి గమనించండి. కన్జర్వెన్సీ ఇచ్చింది జంతువుల మీద హక్కు, నేల మీద పూర్తి హక్కు కాదు. మార్షల్ పోయిన నాలుగేళ్లకు, 2009లో, దక్షిణాన గామ్ అనే చోటి నుంచి హెరెరో తెగ పశువుల కాపరులు కంచె తెంచుకుని మందలతో న్యేన్యేలోకి వచ్చేశారు. నేల మీద గట్టి హక్కు లేనివాడి ఇంట్లోకి ఎవడైనా వస్తాడని అతను ఏళ్లుగా మొత్తుకున్నది ఇదే. చివరి సినిమాలో గొంతు పెంచాడంటే, ఎదురుగా చెవులు మూసుకున్నవాళ్లు ఉన్నారు కాబట్టి. నిబ్బరంగా చూడటం ఒక గుణం, సరే. కానీ తాను ఎత్తుకుని ఆడించిన పిల్లలు క్షయతో దగ్గుతుంటే నిబ్బరంగా ఉండటాన్ని నేను మెచ్చుకోలేను.

రీలుపెట్టె:

నేను మెచ్చుకోమనలేదు. సినిమాలో ఎదుటి పక్షానికి ఇంకో పావుగంట ఇవ్వమన్నాను.

సోషియాలజీ టీచర్:

ఆ పావుగంట నాకూ కావాలనిపిస్తుంది, ఒప్పుకుంటాను. కానీ అది లేనందుకు మొత్తం పనిని తీసిపారేయలేం.

1950 నుంచి 2000 దాకా ఒకే కుటుంబాలు, అవే ముఖాలు, వందల గంటల ఫిల్ము. అమెరికాలోని స్మిత్సోనియన్ సంస్థలో భద్రంగా ఉన్న ఆ సేకరణను 2009లో యునెస్కో, లోకం కాపాడుకోవాల్సిన రికార్డుల జాబితా అయిన మెమరీ ఆఫ్ ద వరల్డ్ రిజిస్టర్‌లో చేర్చింది. అన్నేళ్లు అతను మళ్లీ మళ్లీ వాళ్ల మధ్యకు వెళ్లి ఉండగలిగింది ఎందుకు? అతన్ని రానిచ్చింది కెమెరా కాదు. నీళ్ల కోసం, భూమి కోసం తమతో నిలబడతాడని వాళ్లకు తెలుసు కాబట్టి, తమ తగువులనూ తాగుడునూ చావులనూ కూడా తీయనిచ్చారు. రీలుపెట్టె గారికి నచ్చిన ఆ తేటతనం ఈ నమ్మకం మీదే నిలబడింది.

ఈ సెమిస్టర్‌లో మా పిల్లలకు పెళ్లి తగువు చిత్రం ముందు, నాయ్ తర్వాత, ఆఖర్న 'డెత్ బై మిత్' చూపిద్దామనుకుంటున్నా. 'ద హంటర్స్' వదిలేస్తాను.

రీలుపెట్టె:

వదలకండి మేడం. అదే ముందు చూపించండి. పిల్లలు మొదట ఆ జిరాఫీ వెంట పరుగెత్తాలి, ఆ అందానికి లొంగిపోవాలి. ఆ తర్వాతే నాయ్ చూపించండి. ఆ వేటగాళ్ల పిల్లలు రేషన్ క్యూలో ఎందుకున్నారని అప్పుడు వాళ్లే అడుగుతారు.

ఉట్నూరు కుర్రాడు:

మేడం, వీలైతే ఆ తర్వాత హైమెండార్ఫ్ గోండుల ఫిల్ములు కూడా పెట్టండి. ఆయన ఫిల్ములు లండన్‌లోని సోయాస్ అనే విశ్వవిద్యాలయ సంస్థ దగ్గర ఉన్నాయి. మా ఊరి స్కూల్లో వేయడానికి కాపీ ఎలా తెచ్చుకోవాలో ఎవరికైనా తెలిస్తే ఇక్కడే రాయండి.