డ్రైనేజీ కోసం పన్ను పెంచితే జనం ఒప్పుకుంటారా? సర్వే ఎలా?

ప్రశ్న: జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) 98 వార్డుల్లో కలిపి 400 మందిని అడిగితే చాలాండీ?

జవాబు 1: నగరం మొత్తానికైతే చాలు. 95 శాతం నమ్మకంతో తేడా అటూ ఇటూ 5 శాతం ఉంటుంది, అంటే ఇలాంటి సర్వే వందసార్లు చేస్తే దాదాపు 95 సార్లు మీకొచ్చిన శాతం నగరమంతటి అసలు శాతానికి 5 లోపు తేడాతోనే ఉంటుంది. వార్డుకి నలుగురే వస్తారు కాబట్టి వార్డులవారీగా మాత్రం ఏమీ తేల్చకండి. పేర్లు ఓటరు జాబితా నుంచి లాటరీ పద్ధతిలో తీయండి. వాట్సాప్ లింకు వద్దే వద్దు, కోపంగా ఉన్నవాళ్లే నింపుతారు.

జవాబు 2: అసలు తేడా ప్రశ్నలోనే వస్తుందండీ. "డ్రైనేజీ కావాలా?" అంటే అందరూ కావాలనే అంటారు. "మీ ఇంటికి ఏడాదికి 600 రూపాయలు ఎక్కువ పడితే ఒప్పుకుంటారా?" అని అడగండి. సగంమందికి 600, మిగతావాళ్లకి 1,200 చెప్తే ఎక్కడ వెనక్కి తగ్గుతున్నారో తెలుస్తుంది. అద్దెకుండేవాళ్లని విడిగా రాసుకోండి.

జవాబు 3: గాజువాకలో పగలే వెళ్తే స్టీల్‌ప్లాంట్ షిఫ్టువాళ్లు దొరకరు. తాళం ఉంటే పక్కింటికి పోవద్దు, వేళ మార్చి మూడుసార్లు వెళ్లండి.