మందుల చీటీలో ఓడీ అంటే రోజుకొకసారా, కుడి కన్నా?

ప్రశ్న:

అందరికీ నమస్తే. కొంచెం అర్జెంటు, తెలిసినవాళ్లు చెప్పండి. మా అమ్మకి మొన్న సోమవారం కుడి కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. ఇంటికి పంపేటప్పుడు ఇచ్చిన చీటీలో రెండు రకాల చుక్కల మందులు, ఒక మాత్ర రాశారు. చుక్కల మందు పేరు పక్కన ఓడీ అని, కొంచెం ఎడంగా క్యూఐడీ అని ఉంది. మాత్ర పక్కన కూడా ఓడీ అనే ఉంది, దాని తర్వాత 5 రోజులు అని. మాత్రకి ఓడీ అంటే రోజుకి ఒకటి అని షాపతను చెప్పాడు. మేం అదే లెక్కన చుక్కలు కూడా రోజుకి ఒక్కసారే అనుకుని, పొద్దున పూట రెండు కళ్లలోనూ వేస్తున్నాం. క్యూఐడీ ఏదో కంపెనీ గుర్తేమో అనుకున్నాం. ఇవాళ్టికి మూడో రోజు. మా వదిన వచ్చి చూసి, ఆపరేషన్ అయిన కంటికి ఒక్కసారి వేస్తే ఎలా సరిపోతుంది అనేసరికి నాకు గుండెల్లో రాయి పడింది. పొరపాటు చేశామా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు (మెడికల్ షాపులో ఫార్మసిస్టు):

అక్కా, ముందు ఇది చదవడం ఆపి చీటీ పైన ఉన్న ఆసుపత్రి నంబరుకి ఫోన్ చేయండి. సోమవారం ఆపరేషన్ అయింది, చుక్కలు రోజుకి ఒక్కసారే వేశాం, రెండో కంటిలో కూడా వేశాం అని ఉన్నది ఉన్నట్టు చెప్పండి, తిడతారేమోనని ఏదీ దాచొద్దు. అమ్మగారికి కన్ను ఎర్రబడినా, నొప్పి ఉన్నా, చూపు మసకబారినా ఫోన్‌తో సరిపెట్టకుండా నేరుగా తీసుకెళ్లిపోండి. తప్పిపోయిన చుక్కలన్నీ కలిపి ఇప్పుడు ఒకేసారి మాత్రం వేయకండి.

ఇక మీ సందేహం. మీ చీటీలో ఉన్న రెండు ఓడీలూ వేర్వేరు. మాత్ర దగ్గర ఉన్నది రోజుకి ఒకసారి అని. చుక్కల మందు దగ్గర ఉన్నది కుడి కన్ను అని. కంటి డాక్టర్లు లాటిన్‌లో కుడి కంటిని ఆక్యులస్ డెక్స్‌టర్ అంటారు, దాని పొట్టి రూపమే ఈ ఓడీ. ఎడమ కంటికి ఓఎస్, రెండు కళ్లకీ అయితే ఓయూ. ఎన్నిసార్లు వేయాలన్నది మీరు వదిలేసిన ఆ క్యూఐడీలో ఉంది, అంటే రోజుకి నాలుగుసార్లు. మీరు చెప్పినదాన్ని బట్టి కుడి కంట్లో మాత్రమే, రోజుకి నాలుగుసార్లు అని అర్థమవుతోంది, కానీ చీటీ నేను చూడలేదు, రెండో చుక్కల మందుకి లెక్క వేరుగా ఉండొచ్చు, కాబట్టి ఆసుపత్రివాళ్లు చెప్పిందే ఖాయం చేసుకోండి.

ఇందులో మీ తప్పేమీ లేదు. ఒకే కాగితం మీద ఒకే రెండక్షరాలు రెండు అర్థాల్లో రాస్తే ఇంట్లోవాళ్లకి ఎలా తెలుస్తుంది? మందుల పేర్లు అర్థమయ్యేలా, వీలైతే పెద్ద అక్షరాల్లో రాయాలని మెడికల్ కౌన్సిల్ 2016లోనే నిబంధన మార్చింది, కానీ పేరు స్పష్టంగా రాసి పక్కన ఈ పొట్టి అక్షరాలే పెడితే పేషెంటుకి ఒరిగేదేముంది. మా షాపుకి కంటి చీటీ వస్తే నేను సీసా అట్టపెట్టె మీద తెలుగులో రాసిచ్చి పంపుతాను, అందరు షాపువాళ్లూ అలా చేయాలని నా కోరిక.

ఇంకో మాట. కుడి కన్ను అంటే పేషెంటు కుడి. మీరు అమ్మగారికి ఎదురుగా నిలబడి వేసేటప్పుడు అది మీ ఎడమచేతి వైపు ఉంటుంది. హడావుడిలో ఇక్కడ కూడా పొరపాటు పడేవాళ్లున్నారు.

మరో సభ్యురాలు (అమెరికా నుంచి):

ఈ చర్చ మాలాంటి వాళ్లకి చాలా అవసరం. అమ్మానాన్నలు ఇక్కడికి ఆరు నెలలకి వచ్చేటప్పుడు ఇండియా చీటీలు పట్టుకుని వస్తారు. ఇక్కడ రోజుకి ఒకసారి అనడానికి ఓడీ వాడరు, కాబట్టి మా నాన్నగారి బీపీ మాత్ర పక్కన ఓడీ చూసి ఇక్కడి ఫార్మసీ ఆవిడ ఇది కంటి మందా అని అడిగింది. మామూలు మాటల్లో అయితే ఇక్కడ ఓడీ అంటే డోసు మించిపోయి ప్రాణం మీదికి రావడమే, ఓవర్‌డోస్. రోజుకొకసారికి ఇక్కడ పాత అలవాటు క్యూడీ. దానికీ తంటా వచ్చింది, క్యూ తర్వాత పెట్టే చుక్క ఐ లాగా కనబడితే అది నాలుగుసార్లు అయిపోతుంది. అందుకే ఆసుపత్రులకి గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్ 2004లో వాడకూడని పొట్టి అక్షరాల జాబితా పెట్టి అందులో దీన్ని చేర్చింది. పెద్దవాళ్లు బయల్దేరే ముందే డాక్టరుగారిని అడిగి, మందు అసలు పేరు, ఎంత మోతాదు, రోజుకి ఎన్నిసార్లు అన్నది పూర్తి మాటల్లో రాయించుకోండి.

ఇంకొకరు:

కంటి సంగతి కాదు గానీ, ఓడీ వల్ల మా ఇంట్లో కూడా దెబ్బ తగిలింది కాబట్టి చెప్తున్నా. మా తమ్ముడు కొత్త బండి కొన్నప్పుడు ఇన్సూరెన్స్ 5 ఏళ్లకి అయిపోయింది అని షోరూంలో చెప్పారు. పద్నాలుగు నెలలకి వెనక నుంచి ఆటో గుద్ది సైలెన్సర్, వెనక మడ్‌గార్డ్ పోయాయి. క్లెయిముకి వెళ్తే ఓడీ అయిపోయింది, రాదు అన్నారు. బండి ఇన్సూరెన్సులో ఓడీ అంటే ఓన్ డ్యామేజ్, అంటే మన బండికి జరిగిన నష్టం. 5 ఏళ్లకి కట్టింది థర్డ్ పార్టీ, మన బండి వల్ల ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి. 2018 సెప్టెంబరు నుంచి కొత్త బండికి 5 ఏళ్లు, కొత్త కారుకి 3 ఏళ్లు థర్డ్ పార్టీ ఒకేసారి తీసుకోవాల్సిందే. ఓడీ మాత్రం మావాడికి ఏడాదికే ఉంది, చాలామందికి అంతే ఉంటుంది. పాలసీ కాగితం తీసి చూడండి, రెండు వేర్వేరు ముగింపు తేదీలు ఉంటాయి. 2019 సెప్టెంబరు నుంచి ఓడీ ఒక్కటే విడిగా కూడా తీసుకోవచ్చు, పాత కంపెనీలోనే తీసుకోవాలని లేదు.

ఇంకొకరు (కిరాణా వ్యాపారి):

బ్యాంకులో ఓడీ అంటే ఓవర్‌డ్రాఫ్ట్. మన ఖాతాలో ఉన్నదానికంటే ఎక్కువ, ఒక హద్దు వరకూ వాడుకోనిస్తారు, వాడుకున్న మొత్తానికి వాడుకున్న రోజులకే వడ్డీ. కొన్ని యాప్‌లలో ఆ హద్దు కూడా కలిపి ఇంత డబ్బుంది అని చూపిస్తుంది, అది మన సొమ్మే అనుకుని తీస్తే వడ్డీ మొదలవుతుంది. జన్‌ధన్ ఖాతాలకి కూడా అర్హతను బట్టి 10,000 వరకూ ఓడీ ఉంది, 2018కి ముందు అది 5,000.

ఇంకొకరు:

టీచరుని. మా హాజరు రిజిస్టర్‌లో ఓడీ అంటే ఆన్ డ్యూటీ, శిక్షణకో ఎన్నికల పనికో వెళ్లిన రోజు అది రాస్తాం, సెలవు కింద పోదు. పైపుల షాపులో అడిగితే బయటి కొలత అంటారు.

అడిగినావిడ:

ఆసుపత్రికి ఫోన్ చేశాను. మీరన్నట్టే కుడి కన్ను ఒక్కటే. మొదటి మందు నాలుగుసార్లు, రెండోది ఆరుసార్లు అట, రెండిటికీ మధ్య ఐదు నిమిషాలు ఆగాలన్నారు. రేపు పొద్దున్నే తీసుకురమ్మన్నారు, ఒకసారి చూస్తారట. అమ్మకి నొప్పి, ఎరుపు ఏమీ లేవు. తమ్ముడూ, నీకు చాలా థ్యాంక్స్. ఇంకొక్కటి. చీటీలో మాత్రల కింద ఎస్ఓఎస్ అని కూడా ఉంది, అదేంటి?

జవాబు (ఫార్మసిస్టు):

హమ్మయ్య, అక్కా. రేపు తప్పకుండా వెళ్లండి, బాగానే ఉంది కదా అని మానొద్దు. ఎస్ఓఎస్ అంటే అవసరమైతేనే, మామూలుగా నొప్పి మాత్రకి రాస్తారు. రోజుకి ఎన్ని మించకూడదో రేపు అడగండి. బీడీ అంటే రెండుసార్లు, టీడీఎస్ అంటే మూడుసార్లు (జీతం స్లిప్పులో అదే టీడీఎస్ పన్ను కోత), హెచ్ఎస్ అంటే పడుకునే ముందు. చెవి చుక్కలకి కుడి చెవి ఏడీ అని రాస్తారు, చేతిరాతలో ఏ, ఓ కలిసిపోతే చెవి మందు కంట్లో పడుతుంది, అది చాలా ప్రమాదం. మాత్రల అట్ట మీద మందు పేరు చివర ఓడీ ఉంటే అది కూడా రోజుకొకటి అనే. చాలావాటిలో మందు నెమ్మదిగా విడుదలయ్యేలా తయారుచేస్తారు కాబట్టి పెద్దవాళ్లు మింగలేకపోతున్నారని పొడి చేసి ఇవ్వకండి, అడిగాకే.

అడిగినావిడ:

సరే తమ్ముడూ. ఇప్పుడే రెండు సీసాలకీ తెల్ల ప్లాస్టర్ ముక్క అంటించి పెన్నుతో రాశాను. ఒకదాని మీద కుడి కన్ను, 4 సార్లు. రెండోదాని మీద కుడి కన్ను, 6 సార్లు. అమ్మకి అక్షరాలు కనబడట్లేదంటే మొదటి సీసా మూతకి ఎర్ర దారం కట్టాను. ఫ్రిజ్ తలుపు మీద టైములు రాసి పెట్టాను, ఎనిమిది గంటల చుక్క ఇప్పుడే వేశాం.