ఉబ్బిన కెపాసిటర్లు మాత్రమే మార్చాలా, పనిలో పనిగా అన్నీ మార్చేయాలా?

రాత్రిబడి:
అందరికీ నమస్తే. నా దగ్గర పాత 19 అంగుళాల ఎల్‌సీడీ మానిటర్ ఒకటుంది, కొన్నాళ్ళుగా మొరాయిస్తోంది. బటన్ నొక్కితే పచ్చ లైటు ఆరుతూ వెలుగుతూ ఉంటుంది తప్ప బొమ్మ రాదు. అలా ప్లగ్గులోనే వదిలేస్తే ఎప్పటికో దానంతటదే వచ్చేది, ఒకసారి వచ్చిందంటే ఇక రోజంతా ఢోకా లేదు. ఇప్పుడు అదీ పోయింది. వెనక మూత తీసి చూస్తే, పవర్ బోర్డు మీద హీట్‌సింక్ (వేడి లాగే లోహపు పలక) పక్కనే ఉన్న రెండు కెపాసిటర్లు (కరెంటుని కాస్త నిల్వ చేసి నిలకడగా ఇచ్చే చిన్న డబ్బాలు; ఇవి 1000 మైక్రోఫారడ్, 25 వోల్టులవి) పైన ఉబ్బి ఉన్నాయి, ఒకదాని నెత్తి మీద గీతల దగ్గర గోధుమరంగు పెచ్చు కట్టింది. మిగతావి చదునుగా, కొత్తవాటిలా మెరుస్తున్నాయి. ఎలక్ట్రానిక్స్ తెలిసిన ఫ్రెండ్ "ఆ రెండూ మార్చు చాలు, మిగతావి ముట్టుకోకు" అంటాడు. వీడియోల్లో వాళ్ళేమో బోర్డంతా ఖాళీ చేసి అన్నీ కొత్తవి వేసేస్తున్నారు. ఎవరి మాట వినాలి? సోల్డరింగ్ వచ్చు గానీ, వైర్లు అతికించే వరకే.

టంకంపొగ:
మీనమేషాలు లెక్కపెట్టకుండా అన్నీ మార్చేయండి. అన్నీ అంటే ట్రాన్స్‌ఫార్మర్‌కి ఇవతల, తక్కువ వోల్టేజీ వైపు ఉన్న ఎలక్ట్రోలైటిక్ (లోపల ఎలక్ట్రోలైట్ అనే ద్రవం ఉండే) కెపాసిటర్లన్నీ. అవన్నీ ఒకే కంపెనీవి, బహుశా ఒకే లాటువి, ఇన్నేళ్ళూ ఒకే డబ్బాలో ఒకే వేడికి ఉడికినవి. రెండు పోయాయంటే మిగతావి ఎన్నాళ్ళుంటాయి? ఇంకో మాట, ఉబ్బలేదు కాబట్టి బాగుందనుకోవడం పెద్ద పొరపాటు. లోపల గ్యాస్ పుడితే ఉబ్బుతుంది, ద్రవం మెల్లగా ఆవిరైపోతే ఉబ్బదు, అలాగే నిలబడి ఉంటుంది, పైన పటారం లోన లొటారం. కెపాసిటీ (ఆ మైక్రోఫారడ్‌ల లెక్క) తగ్గిపోతుంది, ఈఎస్ఆర్ అంటే దాని లోపలి నిరోధం పెరిగిపోతుంది, కంటికి మాత్రం ఏమీ కనపడదు.

మీరు చెప్పిన లక్షణం కూడా సరిగ్గా దానిదే. చల్లగా ఉన్నప్పుడు ఎలక్ట్రోలైట్ నిరోధం ఎక్కువ, కాస్త వేడెక్కితే తగ్గుతుంది, అందుకే ప్లగ్గులో ఉంచితే మెల్లగా లేచేది. ఎలాగూ మూత తీశారు, బోర్డు బయటికొచ్చింది, మొత్తం ఏడున్నాయనుకుంటే, రెండు మార్చడానికీ ఏడు మార్చడానికీ తేడా ఎంతసేపు? మళ్ళీ ఇంకో ఏడాదికి అదే మూత, అవే క్లిప్పులు పీకుతూ కూర్చుంటారా?

కొలిచిచూడు:
టంకంపొగ గారూ, ఒకే లాటు కాబట్టి అన్నీ పోతాయన్నది ఊహ. బోర్డు మీద అన్నిటికీ ఒకే కష్టం ఉండదు. రాత్రిబడి గారు చెప్పింది చూడండి: పోయిన రెండూ హీట్‌సింక్ పక్కనే ఉన్నాయి, అంటే డయోడ్ (ఏసీని డీసీ చేసే భాగం) దాటగానే వచ్చేవి అవే అయ్యుంటాయి. రిపుల్ కరెంటు (డీసీలో ఇంకా మిగిలే ఎగుడుదిగుడు) దెబ్బంతా మొదట వాటి మీదే పడుతుంది, డయోడ్ వేడి కూడా వాటికే తగులుతుంది. చిన్న కాయిల్ దాటాక వచ్చే కెపాసిటర్‌కి అందులో సగం కష్టం కూడా ఉండదు.

తయారీదారు ఇచ్చే లెక్క ఏమిటి? 105 డిగ్రీల దగ్గర 2000 గంటలు అని రాస్తాడు. వేడి పది డిగ్రీలు తగ్గిన ప్రతిసారీ ఆయుష్షు సుమారు రెట్టింపు అవుతుందని ఈ రంగంలో అందరూ వాడే అంచనా. 65 డిగ్రీల దగ్గర ఉన్నదైతే 32 వేల గంటలు, రోజుకి ఎనిమిది గంటల చొప్పున దాదాపు పదకొండేళ్ళు. అదే బోర్డు మీద, హీట్‌సింక్‌కి ఆనుకుని 85 డిగ్రీల్లో ఉన్నదానికి 8 వేల గంటలే. మరి రెంటినీ ఒకే గాటన కట్టేస్తే ఎలా?

అసలు సంగతి వేరే ఉంది. అడుగుతున్న మనిషి వైర్లు మాత్రమే అతికించారు. చవక మానిటర్ల పవర్ బోర్డు సాధారణంగా ఒకవైపే రాగి ఉన్న రకం, ఐరన్ ఇంకొంచెం ఎక్కువసేపు పెట్టారంటే కాలు చుట్టూ ఉన్న రాగి బిళ్ళ లేచి వచ్చేస్తుంది. పీకే ప్రతి కెపాసిటర్ వెనకా ఆ రిస్కు ఉంది. బాగున్నవాటిని పీకి, బాగున్న బోర్డు పాడు చేసి, చివరికి "మానిటరే పోయింది" అనుకునేవాళ్ళు ఎంతమంది లేరు! ఈఎస్ఆర్ మీటరు ఎవరి దగ్గరైనా అరువు తెచ్చుకోండి, కొలిచి, పోయాయని తేలినవే మార్చండి.

ఉల్టాపల్టా:
ఇంత చర్చ ఎందుకు బాసూ, 1000 ఉన్న చోట 2200 వేసేయ్, 25 వోల్టుల చోట 50 వేసేయ్, జన్మలో మళ్ళీ విప్పక్కర్లేదు.

టంకంపొగ:
ఉల్టాపల్టా, వోల్టేజీ ఒక మెట్టు పెంచడం వరకు సరే. 25 బదులు 35 వేస్తే నష్టం లేదు, సైజు పడితే చాలు. మైక్రోఫారడ్‌లు రెట్టింపు చేయకు. స్విచ్ వేయగానే ఆ ఖాళీ కెపాసిటర్‌ని నింపడానికి పవర్ సప్లై దమ్ము చాలక, షార్ట్ అయిందనుకుని ఆగిపోయే అవకాశం ఉంది, అప్పుడు ఇప్పుడున్నట్టే లైటు ఆరుతూ వెలుగుతూ ఉంటుంది, మనకేమో కొత్తవి వేసినా బాగవలేదనిపిస్తుంది. అన్నిటికంటే ముఖ్యంగా చూడాల్సింది 105 డిగ్రీల రకమా కాదా, తక్కువ ఈఎస్ఆర్ సిరీసా కాదా అన్నది. పానాసోనిక్ ఎఫ్ఆర్, ఎఫ్ఎమ్, రుబికాన్ జెడ్‌ఎల్‌హెచ్ లాంటివి ఈ పనికే ఉన్నాయి. మామూలు 85 డిగ్రీల రకం వేస్తే కొన్నాళ్ళకే మళ్ళీ మొదటికొస్తుంది.

రాత్రిబడి గారూ, కొనే ముందు డబ్బా వ్యాసం, ఎత్తు కొలుచుకోండి. చాలామంది ఇది మరిచిపోతారు, కొత్తది రెండు మిల్లీమీటర్లు లావుగా ఉండి పక్కదానికి అడ్డొస్తుంది, లేదంటే వెనక మూత పట్టదు. వేరే పాత బోర్డు నుంచి పీకినవి మాత్రం వేయొద్దు.

పాతఇనుము:
మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. ఆ వయసు మానిటర్‌లో వెనక వెలుగు ఎల్‌ఈడీ కాదు, సన్నటి ట్యూబులు, సీసీఎఫ్‌ఎల్ అంటారు. అవి ఇప్పటికే మసకబారి పసుపు తిరిగి ఉంటాయి. కరెంటూ ఎక్కువ తాగుతాయి. కెపాసిటర్లు మార్చి బతికించినా బతికేది ముసలి మానిటరే. రాత్రంతా దాని ముందు చదువుకునే మనిషి కళ్ళ సంగతేంటి? రెండా ఏడా అని కొట్టుకోవడం మాని కొత్తది తీసుకోమనండి.

కొలిచిచూడు:
పాతఇనుము గారి పాయింటులో సగం ఒప్పుకుంటాను. ట్యూబే పోయిందో, ఆ ట్యూబులకి ఎక్కువ వోల్టేజీ ఇచ్చే ఇన్వర్టరే పోయిందో అయితే కెపాసిటర్లు మార్చి లాభం లేదు. ఒక్కో జబ్బుకి ఒక్కో లక్షణం ఉంటుంది. బొమ్మ ఒకటి రెండు సెకన్లు వచ్చి చీకటైపోతే, టార్చిలైటు ఏటవాలుగా వేసి చూడాలి. లోపల బొమ్మ సన్నగా కనిపిస్తోందంటే జబ్బు వెనక వెలుగుది, ట్యూబో ఇన్వర్టరో, ఒక్కోసారి ఇన్వర్టర్‌కి కరెంటిచ్చే కెపాసిటర్ కూడా కావచ్చు. ఈయన మానిటర్ విషయంలో బొమ్మే రాలేదు, లైటు కొట్టుకుంటోంది, వేడెక్కితే లేచేది. ఇది పవర్ సప్లై సంగతే. అది తెలుసుకోకుండా "కెపాసిటర్లు మార్చెయ్" అనడం ఎద్దు ఈనిందంటే దూడను కట్టేయమన్నట్టు ఉంటుంది, కాబట్టే కొలవమని పోరుతున్నాను.

మీటరు దొరక్కపోతే ఒక చిట్కా: హెయిర్ డ్రయ్యర్‌తో ఆ కెపాసిటర్ల వైపు కాసేపు వేడి గాలి కొట్టండి, ప్లగ్గు తీసేసి. ఆ వెంటనే మూత బిగించి ఆన్ చేస్తే లేచిందంటే అనుమానం దాదాపు తీరినట్టే.

ఫ్యూజుతీగ:
వాదన బాగుంది గానీ ఇంతమందిలో ఒక్కరూ పెద్ద కెపాసిటర్ ఊసెత్తలేదేం? రాత్రిబడి గారూ, ప్లగ్గు పక్కన లావుగా, 400 లేదా 450 వోల్టులు అని రాసున్నది ఒకటి ఉంటుంది చూడండి. 230 వోల్టుల కరెంటుని డీసీ చేస్తే దాని మీద సుమారు 325 వోల్టులు నిలుస్తాయి. 100 మైక్రోఫారడ్‌ది అనుకుంటే అయిదు జూళ్ళకు పైగా శక్తి. ప్లగ్గు పీకినా, ముఖ్యంగా మీ మానిటర్‌లా పవర్ సప్లై సరిగ్గా లేవనప్పుడు, అది చాలాసేపు అలాగే ఉండిపోవచ్చు. బోర్డుని కింద నుంచి అరచేత్తో పట్టుకుంటే షాకు కొట్టేది అక్కడే.

మల్టీమీటరు డీసీలో పెట్టి రెండు కాళ్ళ మధ్య కొలవండి. పది వోల్టుల లోపుంటే సరే, లేకపోతే 2.2 కిలో ఓమ్, 5 వాట్ల రెసిస్టర్‌ని ఇన్సులేషన్ ఉన్న క్లిప్పులతో కొన్ని సెకన్లు ఆనించి మళ్ళీ కొలవండి. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేయమని చెప్పేవాళ్ళుంటారు. నిప్పురవ్వ ఎగురుతుంది, బోర్డు మీది రాగి గీత కాలుతుంది, వినకండి. ఇన్వర్టర్ వైపైతే ఆన్‌లో ఉన్నప్పుడు వందల వోల్టులుంటాయి, మూత తీసి ఆన్ చేసి చెయ్యి పెట్టడం లాంటి సాహసాలు వద్దు. ఇది ఎల్‌సీడీ కాబట్టి ఇంతమాత్రం చెబుతున్నాను, పాత సీఆర్‌టీ (పిక్చర్ ట్యూబు) డబ్బా అయితే అసలు విప్పొద్దనే అనేదాన్ని.

రెండా ఏడా అంటారా, నా ఓటు మధ్యలో ఉంది. ఉబ్బినవి రెండు, వాటితో పాటు అవుట్‌పుట్ వైపే ఉన్న అదే బ్రాండువి, ఇంకా కంట్రోల్ ఐసీ (పవర్ సప్లైని నడిపించే చిప్పు) పక్కన ఒంటరిగా ఉండే చిన్నది (22 లేదా 47 మైక్రోఫారడ్, 50 వోల్టులు). ఐసీకి నడిచేంత సేపు తిండి పెట్టేది ఆ పిల్ల కెపాసిటరే. వేడి ఐసీ పక్కన కూర్చుని ఎండిపోతుంది, ఉబ్బనే ఉబ్బదు. దాన్ని ఎవరూ అనుమానించరు.

కొలిచిచూడు:
ఆ చిన్నదాని విషయంలో ఫ్యూజుతీగ గారితో నాకు పేచీ లేదు. అది కూడా మీటరు పెడితే ఇట్టే దొరికిపోతుంది అన్నదొక్కటే కలుపుతాను. ఒక జాగ్రత్త: బోర్డు మీదే కొలిచేటప్పుడు రెండు కెపాసిటర్లు పక్కపక్కన నేరుగా కలిసి ఉంటే, మంచిది చెడ్డదాన్ని దాచేస్తుంది. అనుమానం వస్తే ఒక కాలు లేపి కొలవండి.

టంకంపొగ:
కాలు లేపేదాకా వెళ్ళాక, ఇంకో కాలు లేపడానికేం? :) మీరు చెప్పే ఆ రిస్కంతా తీసుకుని, పాతదాన్నే మళ్ళీ కూర్చోబెడుతున్నారు.

పాతఇనుము గారికి ఒక మాట. యూరప్‌లో డిస్‌ప్లేల మీద 2021 మార్చి నుంచి అమల్లో ఉన్న నిబంధన ఏమంటుందో తెలుసా? ఆ మోడల్ చివరి పీసు మార్కెట్‌లోకి వచ్చాక కనీసం ఏడేళ్ళు విడిభాగాలు రిపేరు చేసేవాళ్ళకి దొరకాలి. ఆ జాబితాలో లోపలి పవర్ సప్లై ఉంది, 400 మైక్రోఫారడ్ దాటిన కెపాసిటర్లు అని విడిగా రాసి కూడా ఉంది. పోయేది ఏదో చట్టం రాసినవాళ్ళకే తెలిసినప్పుడు, ప్యానెల్, ట్యూబులు, స్టాండు అన్నీ బాగున్నదాన్ని పారేయమనడం ఏమిటి? ఆ ట్యూబుల్లో పాదరసం ఉంటుంది, అది పోయేది చెత్తకుప్పలోకే.

పాతఇనుము:
కళ్ళ సంగతి అడిగితే చట్టం చదువుతున్నారు. సరే కానివ్వండి.

రాత్రిబడి:
అందరికీ థ్యాంక్స్. అప్‌డేట్ ఇస్తున్నా. ముందు ఫ్యూజుతీగ గారు చెప్పినట్టు పెద్దదాన్ని కొలిస్తే ఇంకా 60 వోల్టులు పైనే ఉంది, ప్లగ్గు పీకిన చాలాసేపటికి! రెసిస్టర్‌తో దింపాను. హెయిర్ డ్రయ్యర్ చిట్కా పనిచేసింది, వేడి తగలగానే లేచింది. ఆ రెండూ మాత్రం మార్చాను. పాత టంకం కరగకపోతే దాని మీదే కొంచెం కొత్త టంకం వేసి, అప్పుడు పంపుతో లాగితే సులువుగా వచ్చింది, బిళ్ళలు లేవలేదు. మైనస్ గీత ఎటుందో తీసేముందే ఫోనులో ఫోటో తీసుకున్నాను. మానిటర్ వెంటనే వచ్చింది, పగలంతా బాగుంది. మర్నాడు పొద్దున చల్లగా ఉన్నప్పుడు మళ్ళీ లైటు కొట్టుకుంది, కాసేపటికి లేచింది. అప్పుడు ఐసీ పక్కనున్న 47 మైక్రోఫారడ్‌ది తీసి మల్టీమీటర్‌లో పెడితే 9 చూపించింది. అదీ మార్చాక ఇప్పటిదాకా ఇబ్బంది లేదు.

టంకంపొగ:
చదునుగా, కొత్తదానిలా మెరుస్తున్నది 47 నుంచి 9కి పడిపోయింది. ఇంకేం చెప్పాలి. మొదటిరోజే అన్నీ మార్చుంటే మూత ఒకసారే విప్పేవారు.

కొలిచిచూడు:
ఆగండాగండి. మీరు మొదట చెప్పింది ట్రాన్స్‌ఫార్మర్‌కి ఇవతలివి. ఐసీకి కరెంటిచ్చే ఈ చిన్నది అవతలి వైపుది, మీ "అన్నీ"లో అది లేనే లేదు. మీరు చెప్పినట్టు ఏడూ మార్చినా మర్నాడు పొద్దున లైటు కొట్టుకునేదే. దొరికింది మీటరుకి.

టంకంపొగ:
ఆ వాక్యం పట్టుకుని వేలాడండి. మిగతావన్నీ ఏడాది తర్వాత ఎలా ఉన్నాయో రాత్రిబడి గారు చెబుతారు, అప్పుడు మాట్లాడుకుందాం.

రాత్రిబడి:
చివరగా ఒక డౌటు. ఆ పెద్ద 450 వోల్టులది కూడా మార్చాలా? పైన చదునుగానే ఉంది, కింద బంక లాంటిది కొంచెం కనిపిస్తోంది.

ఫ్యూజుతీగ:
ఆ బంక లేత పసుపులో, రబ్బరులా ఉంటే ఫ్యాక్టరీలో కదలకుండా అంటించింది, కంగారు పడకండి. ముదురు గోధుమరంగుకి మారి గట్టిపడి పెళుసుగా అయితే మాత్రం గీకేయండి. పాత రకం జిగురు కొన్ని వేడికి అలా మారి కరెంటుని కాస్త లీక్ చేస్తాయి, పక్కనున్న కాళ్ళని తినేస్తాయి. కెపాసిటర్ తీసి కొలవండి, దాని మీద రాసిన విలువకి ఇరవై శాతం లోపు తేడా ఉంటే అదే వాడుకోండి. కొలిచే ముందు మళ్ళీ డిశ్చార్జ్ చేయడం మర్చిపోకండి.