డెంగీకి మెరోపెనెమ్ రాశారు, క్లెయిమ్‌లో కోత పడింది. ఎవరికి ఫిర్యాదు చేయాలి?

అందరికీ నమస్కారం. మా అమ్మకు డెంగీ వస్తే హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చాం. ఇప్పుడు బాగానే ఉంది. కానీ ఫార్మసీ బిల్లు చూస్తే రోజూ మెరోపెనెమ్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు! డెంగీ వైరస్ జ్వరం, దానికి యాంటీబయాటిక్ పనిచేయదు. వేరే ఇన్‌ఫెక్షన్ ఉందని డిశ్చార్జ్ సమ్మరీలో ఎక్కడా లేదు, రక్తంలో బ్యాక్టీరియా ఉందేమో చూసే బ్లడ్ కల్చర్ పరీక్ష కూడా చేయలేదు. మందులన్నీ వాళ్ల ఫార్మసీలోనే, పూర్తి ఎమ్మార్పీకి.

ఇన్సూరెన్స్ వాళ్లు అవసరం లేని మందులని కొంత కోసేశారు, అది మేమే కట్టాం. వాళ్లు కట్టిన మిగతాది కూడా ఇంట్లో అందరికీ కలిపి ఒకే మొత్తం ఉండే మా ఫ్యామిలీ ఫ్లోటర్ పాలసీలోంచే పోయింది. ఈ ఏడాది నాన్నకు ఏమైనా అయితే ఎలా అని టెన్షన్‌గా ఉంది. ఇలాంటి బిల్లుల భారం చివరికి అందరి ప్రీమియంల మీదే కదా పడేది.

2002 మెడికల్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి. లెటర్ ఇచ్చినా ఆసుపత్రి వాళ్లు ఇవ్వడం లేదు. ముందు తెలంగాణ మెడికల్ కౌన్సిల్‌కు వెళ్లాలా, లేక కోత విషయం బీమా ఫిర్యాదులు పరిష్కరించే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు రాయాలా? అవసరం లేని మందని నిరూపించడానికి మరో డాక్టర్ అభిప్రాయం రాతపూర్వకంగా కావాలా? ఇలా పోరాడినవాళ్లుంటే దయచేసి చెప్పండి.