చిన్న ద్వీప దేశాలకు స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందాలు మేలు చేశాయా, ముంచాయా?

కోట జంక్షన్ (విజయనగరం)
గ్రూప్స్‌కు చదువుతున్న మా స్నేహితుల మధ్య నిన్న గట్టి వాదన నడిచింది. ఎవరు ఏది చవగ్గా తయారుచేయగలరో వాళ్లు అది చేసి అమ్ముకుంటే, మధ్యలో సుంకాలు లేకపోతే అందరికీ లాభమే అని పుస్తకం చెబుతుంది. మనంత పెద్ద దేశానికి ఒక పంట పోతే ఇంకోటి ఉంటుంది. కరీబియన్‌లో డెబ్బై వేల జనం ఉండే డొమినికాకో, పసిఫిక్‌లో రెండు లక్షలు దాటిన సమోవాకో ఏముంటుంది? ఇది పాత చరిత్ర కూడా కాదు. మనకూ మారిషస్‌కూ ఒప్పందం 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. మాల్దీవులు చైనాతో 2017లో సంతకం చేసిన ఒప్పందం 2025 జనవరిలో అమల్లోకి వచ్చింది. ఊరికే అభిప్రాయం కాకుండా ఉదాహరణతో రాయండి.

బొబ్బిలి కుర్రాడు
మారిషస్‌నే చూడండి. ఒకప్పుడు చెరకు తప్ప ఏమీ లేని దీవి. 1970లో ఎగుమతుల కోసం ప్రత్యేక రాయితీలిచ్చి బట్టల ఫ్యాక్టరీలు రప్పించుకుంది. తర్వాత టూరిజం, బ్యాంకింగ్. మనతో కుదిరిన ఒప్పందంలో వాళ్ల 615 రకాల సరుకులకు మన మార్కెట్లో రాయితీ ఉంది, మనవి 310 రకాలకు అక్కడ. పన్నెండు లక్షల పైచిలుకు జనం ఉన్న దేశం తలుపులు మూసుకుని ఎవరికి అమ్ముకుంటుంది? చిన్న దేశానికే బయటి మార్కెట్ ఎక్కువ అవసరం.

నాగావళి మాస్టారు (శ్రీకాకుళం)
మారిషస్ ఎదిగిన మాట నిజమే తమ్ముడూ. ఏ డబ్బుతో ఎదిగిందో కూడా చూడాలి. యూరప్ తన పాత వలస దేశాలతో 1975లో చేసుకున్న లోమే ఒప్పందంతో పాటు వచ్చిన చక్కెర ప్రోటోకాల్ కింద యూరప్ వాళ్లు ఏటా ఇంత చక్కెర, ఇంత ధరకు కొంటామని మాట ఇచ్చారు. అందులో అన్నిటికన్నా పెద్ద కోటా మారిషస్‌దే. ఆ ధర చాలా ఏళ్లు ప్రపంచ మార్కెట్ ధరకు రెండు మూడు రెట్లు ఉండేది. అది స్వేచ్ఛా వాణిజ్యం కానే కాదు, కట్టుబాటు ధర. ఆ మిగులులోంచే బట్టల మిల్లులకూ హోటళ్లకూ చాలా పెట్టుబడి వచ్చింది.

తర్వాత బ్రెజిల్, ఆస్ట్రేలియా, థాయ్‌లాండ్ యూరప్ చక్కెర విధానం మీద ప్రపంచ వాణిజ్య సంస్థలో కేసు వేసి గెలిచాయి. 2006 నుంచి నాలుగేళ్లలో ధర 36 శాతం కోసేశారు. 2009లో ప్రోటోకాల్ కూడా ముగిసింది. మారిషస్ అప్పటికే తేరుకునే స్థితిలో ఉంది. ఫ్యాక్టరీలను కలిపేసింది, పిప్పితో కరెంటు తీసింది, పని మానుకున్న కార్మికులకు నగదుతో పాటు ఇంటి స్థలం ఇచ్చింది. అయినా చిన్న రైతులు చాలామంది చెరకు వదిలేశారు. వాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. ఆనాటి గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి కోరంగి రేవు మీదుగా ఓడెక్కిన కూలీల మనవలూ మునిమనవలూ వాళ్లు. ఇప్పటికీ అక్కడ ఉగాదికి ప్రభుత్వ సెలవు.

ఇక కరీబియన్ దీవి సెయింట్ కిట్స్‌కు అంత నిల్వ లేదు. మూడు వందల ఏళ్లకు పైగా పండించిన చెరకును 2005లో పూర్తిగా ఆపేసింది. మన జిల్లాల్లో చక్కెర ఫ్యాక్టరీ మూతపడితే ఆ చుట్టుపక్కల రైతుకి ఏమవుతుందో ఇక్కడ చదివేవాళ్లకు చెప్పక్కర్లేదు. అక్కడ దేశం మొత్తానికీ అదే అయింది.

చంపావతి ఒడ్డు
అరటి సంగతి ఎవరూ ఎత్తలేదు. డొమినికా, సెయింట్ లూసియా, సెయింట్ విన్సెంట్ దీవుల్లో కొండవాలు మీద ఎకరం, రెండెకరాల రైతులు. వాళ్ల అరటికి యూరప్ ప్రత్యేక కోటా ఇచ్చింది. 1996లో అమెరికా, ఈక్వడార్, గ్వాటెమాలా, హోండురాస్, మెక్సికో కలిసి దాని మీద కేసు పెట్టాయి. 1997లో యూరప్ ఓడిపోయింది. అమెరికా తాను యూరప్‌కు అరటి పంపేదే కాదు, లాటిన్ అమెరికాలో పెద్ద తోటలున్న తన కంపెనీల కోసం దిగింది. ఆ దీవుల్లో వేలమంది అరటి సాగు మానేశారు. నాకు ఇది తలుచుకుంటే కోపమే వస్తుంది.

మా జిల్లా జూట్ మిల్లు కార్మికులకు ఇందులో ఒక భాగం తెలుసు. బంగ్లాదేశ్ నుంచి సుంకం లేకుండా గోనె సంచులు దిగుతుంటే 2017 జనవరిలో మన ప్రభుత్వం వాటి మీద యాంటీ డంపింగ్ సుంకం (మరీ చవగ్గా దించే సరుకుపై వేసేది) వేసింది. అలా వేయడానికి మనకు అధికారులున్నారు, లాయర్లున్నారు, ఎదుటివాడికి అవసరమైన మార్కెట్ ఉంది. డొమినికా సుంకం వేస్తే ఎవరికి నొప్పి?

పలాస జీడి
చంపావతి గారూ, మా ఊరి సంగతి దీనికి తిరగబడి ఉంటుంది. ఇక్కడి బట్టీల్లో పప్పు తీసే ఆడవాళ్లకు ఏడాది పొడవునా పని దొరుకుతోందంటే ఆఫ్రికా నుంచి పిక్కలు దిగబట్టే. సీషెల్స్‌లో కూడా అంతే. విక్టోరియా రేవులో ట్యూనా చేపను డబ్బాల్లో పెట్టే పెద్ద ఫ్యాక్టరీ ఉంది. యూరప్‌లో డబ్బా ట్యూనాపై మామూలుగా 24 శాతం సుంకం. యూరప్‌తో ఒప్పందం ఉంది కాబట్టి సీషెల్స్ సరుకు సుంకం లేకుండా వెళ్తోంది. ఆ కాగితం చింపేస్తే ఆ ఫ్యాక్టరీ ఏమవుతుందో మీరే ఆలోచించండి.

రిమ్స్ రోడ్ నర్సు
డబ్బు లెక్కల మధ్య తిండి మాట మరిచిపోతున్నారు. సమోవాలో షుగరు, స్థూలకాయం విపరీతం. బయట ఎవరూ పెద్దగా తినని టర్కీ కోడి తోకలు, అంతా కొవ్వే, అక్కడికి చవగ్గా వచ్చిపడేవి. 2007లో నిషేధించారు. 2012లో ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరడానికి ఆ నిషేధం ఎత్తేయాల్సి వచ్చింది. రోజూ షుగరు పుండ్లకు కట్లు కట్టేదాన్ని. కాలు తీసేయాల్సి వచ్చిన మనిషి ఇంటికెళ్లి ఎలా బతుకుతాడో నాకు తెలుసు. జనం ఆరోగ్యం కోసం ఒక దేశం వద్దన్న సరుకుని మళ్లీ రానివ్వమనడం ఏ న్యాయం?

బొబ్బిలి కుర్రాడు
అక్కా, మీ బాధ నాకు అర్థమైంది. కానీ దారి ఉంది. ఫిజీ 2000లో గొర్రె పొట్టభాగం కొవ్వు మాంసాన్ని అరికట్టింది. దిగుమతిని కాదు, ఎక్కడిదైనా సరే అమ్మకాన్నే నిషేధించింది. న్యూజిలాండ్ గొడవ చేసింది గానీ కేసు దాకా పోలేదు. తీపి పానీయాల మీద లోకల్ సరుకుకీ బయటి సరుకుకీ ఒకే పన్ను వేస్తే ఎవరూ ఆపలేరు.

నాగావళి మాస్టారు (శ్రీకాకుళం)
పన్ను మాట వచ్చింది కాబట్టి చెబుతాను. ఈ దీవుల ఖజానాకు రేవు దగ్గర వసూలయ్యే సుంకమే పెద్ద ఆధారం. పసిఫిక్ దీవి దేశం వనువాటులో ఆదాయపు పన్నే లేదు. సుంకాలు తగ్గాలంటే ఇంకోచోట తేవాలి కదా, 1998లో వ్యాట్ పెట్టారు. టోంగా 2005లో 15 శాతం వినియోగ పన్ను తెచ్చింది. బియ్యం కొనే పేదవాడూ కారు కొనే ధనికుడూ ఒకే శాతం కట్టాలి. పెద్ద దేశాల ఎగుమతిదారుకి సుంకం తగ్గింది, ఆ భారం దీవిలో కూలివాడి సంచిలోకి వచ్చింది. నా అభ్యంతరమంతా ఇక్కడే.

భావనపాడు తీరం
సరుకు స్వేచ్ఛగా తిరగాలంటారు, మనిషి మాత్రం వీసా కోసం వరుసలో నిలబడాలి. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లతో పసిఫిక్ దీవులు 2017లో పేసర్ ప్లస్ ఒప్పందం మీద సంతకం చేశాయి. ఆ దీవులవాళ్లకు కావలసింది అక్కడి తోటల్లో పని. దాన్ని ఒప్పందం లోపల పెట్టకుండా పక్కన వేరే కాగితంలో, కట్టుబాటు లేకుండా పెట్టారు. మా మత్స్యకారులు పనికి గుజరాత్‌లోని వీరావల్ వెళ్లాలంటే రైలెక్కితే చాలు. టోంగా కుర్రాడికి ఎవడో పిలిస్తేనే దారి.

కోట జంక్షన్ (విజయనగరం)
పేసర్ ప్లస్‌లో ఫిజీ, పాపువా న్యూ గినీ చేరలేదు కదా. బయట ఉండి ఫిజీ ఏం పోగొట్టుకుంది?

నాగావళి మాస్టారు (శ్రీకాకుళం)
సుంకాల వరకు చూస్తే పెద్దగా ఏమీ లేదు. 1981 నాటి స్పార్టెకా ఏర్పాటు కింద ఫిజీ సరుకు ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లకు ఇప్పటికీ సుంకం లేకుండా వెళ్తోంది. బదులుగా తన సుంకాలు తగ్గించుకోవలసిన పనీ లేదు. సంతకం తప్ప గతి లేదనేవాళ్లు దీనికి జవాబు చెప్పాలి.

బొబ్బిలి కుర్రాడు
నేను చెబుతాను మాస్టారూ. స్పార్టెకా వాళ్లు దయతలచి ఇచ్చింది. చక్కెర ప్రోటోకాల్‌ను యూరప్ 2007లో తనంతట తాను రద్దు చేస్తున్నట్టు నోటీసిచ్చింది, మారిషస్ ఆపలేకపోయింది. ఆ ఉదాహరణ ఇచ్చింది మీరే. రేపు ఆస్ట్రేలియా కూడా అదే చేస్తే ఫిజీ చేతిలో ఏ సంతకం ఉంటుంది?